పెళ్లికి మేళం, రిసెప్షన్‌కి పాటలు: ఏం పెట్టాలో కాదు, ఎప్పుడు ఆపాలో ముందు తేల్చుకోండి

మీరు రాసింది క్లుప్తంగా చెప్పుకుంటే ఇదీ సంగతి. చెల్లెలి పెళ్లి మాఘమాసంలో, రాజోలు దగ్గర మీ ఊళ్లోనే, కొబ్బరితోటలో పందిరి వేసి చేస్తున్నారు. ముహూర్తం రాత్రి రెండు దాటాక. మర్నాడు సాయంత్రం భీమవరంలో, ఏసీ హాల్లో మగపెళ్లివారి రిసెప్షన్. నాన్నగారికి సన్నాయి మేళం ఉంటే చాలు, ఇంకేదీ వద్దు. మేనత్త కొడుకులకు డీజే కావాలి. పెళ్లికూతురికి వయొలిన్ ఇష్టం. అమ్మమ్మగారేమో నలుగు పాటల ఊసే ఎవరూ ఎత్తడం లేదని అలిగి కూర్చున్నారు. ఎవరి మాట వినాలో, ఎవరిని బుక్ చేయాలో తెలియక టెన్షన్ పడుతున్నారు.

నలుగురి మాటా వినండి. నాలుగూ పెట్టించండి. రెండు రోజుల పెళ్లిలో ఈ నాలుగింటికీ చోటుంది. మాది పాలకొల్లు వైపు. డోలు సన్నాయి వాయించే ఇంట్లో పుట్టి, కొన్నేళ్లు ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించి, ఇప్పుడు పెళ్లిళ్లకు మేళం, సౌండు ఏర్పాట్లు చూస్తున్నాను. నేను చూసినంతలో పెళ్లిలో సంగీతం చెడేది పాట బాగోలేక కాదు. ఆపాల్సినప్పుడు ఎవరూ ఆపకపోవడం వల్ల. పురోహితుడు సంకల్పం చెబుతుంటే పందిరి వెనక డీజే కుర్రాడు "హలో హలో, చెక్ చెక్" అంటుంటాడు. కన్యాదానం మంత్రం జరుగుతుంటే భోజనాల దగ్గర పెట్టిన స్పీకర్లోంచి సినిమా పాట వస్తుంటుంది. ఎవరి పని వాళ్లు బాగానే చేస్తున్నారు, వినేవాడికే నరకం.

అందుకని పాటల జాబితా రాయడానికి ముందు ఒక కాగితం తీసుకుని వేరే జాబితా రాయండి. ఏ వేళకి ఏ తంతు, అప్పుడు మోగేది ఏది, మౌనంగా ఉండాల్సింది ఏది. దీనికి పురోహితుడి దగ్గర ఒక అరగంట కూర్చోవాలి. గౌరీపూజ ఎప్పుడు మొదలు, పెళ్లికూతురిని మేనమామలు గంపలో ఎప్పుడు తెస్తారు, అడ్డుతెర ఎప్పుడు తీస్తారు, ఎక్కడ మేళం కావాలి, ఎక్కడ తన గొంతు ఒక్కటే వినబడాలి, ఇవన్నీ ఆయన్నే అడగండి. కొందరు పురోహితులు మంత్రానికి అర్థం మైకులో తెలుగులో చెబుతూ చేయిస్తారు. అలాంటి వారైతే మేళానికి విరామాలు ఎక్కువ. కొందరు గబగబా చేయించేస్తారు, వారికి వెనక సన్నగా సన్నాయి నడుస్తూ ఉండటమే ఇష్టం. ఈ తేడా తెలియకుండా మేళం వాళ్లకి మీరేం చెప్పినా దండగ.

రెండో పని, చెయ్యెత్తే మనిషిని ఒకరిని పెట్టుకోండి. అది మాత్రం మీరు కాకూడదు. పెళ్లికూతురి అన్నగారిగా లాజహోమంలో పేలాలు పోయాల్సింది మీరే, మధ్యలో ఎవరో చుట్టం కారు తాళం కోసం మిమ్మల్నే వెతుకుతుంటాడు. ముహూర్తం కాగితం చేతిలో పట్టుకుని, మండపం దగ్గర నుంచి కదలకుండా, మేళానికీ సౌండు కుర్రాడికీ సైగ చేయగలిగిన బాబాయి ఒకాయన చాలు. కాస్త గట్టి గొంతు ఉన్నాయన అయితే మరీ మంచిది. ఆయన "ఆపండి" అంటే ఆగాలి, అది ముందే అందరికీ చెప్పి ఉంచాలి.

ఇక మేళం సంగతి. ఒకే ముహూర్తానికి కోనసీమలో ఎన్ని పెళ్లిళ్లు పడతాయో మీకు తెలుసు. మూఢం వెళ్లగానే వచ్చే మంచి రోజులకైతే చెప్పనే అక్కర్లేదు. లగ్నపత్రిక రాసుకున్న రోజే మేళానికి కబురు పెట్టాలి. శుభలేఖలు అచ్చయ్యాక వెతికితే దొరికేది ఎవరూ పిలవని మేళమే. పైగా మీది మాఘం. భీష్మ ఏకాదశికి ముందూ వెనకా అంతర్వేది తీర్థం ఉంటుంది. ఆ రోజుల్లో రాజోలు, సఖినేటిపల్లి రోడ్ల మీద రద్దీ ఎలా ఉంటుందో ఆ చుట్టుపక్కల వారికి నేను చెప్పాలా? మీ ముహూర్తం ఆ రోజులకు దగ్గరగా ఉంటే మేళం వాళ్లని చీకటి పడకముందే ఊళ్లోకి రప్పించండి. నరసాపురం నుంచి వచ్చేవారైతే రేవులో పంటును (గోదావరి దాటించే పెద్ద పడవను) నమ్ముకోకుండా చించినాడ వంతెన మీదుగా రమ్మనండి. రెండు సన్నాయిలు, రెండు డోళ్లు, శ్రుతి, తాళం ఉంటే నిండు మేళం. ఖర్చు తగ్గించుకోవాలంటే ఒక సన్నాయి, ఒక డోలుతో కూడా నడుస్తుంది, కానీ రాత్రంతా వాయించాలంటే ఒక్కడికి ఊపిరి చాలదు. మీది తెల్లవారే పెళ్లి కాబట్టి రెండు సన్నాయిలు ఉండాల్సిందే.

బుక్ చేసే ముందు వాళ్లు వాయిస్తుంటే ఒకసారి వినండి. యూట్యూబ్‌లో కాదు, ఏదైనా గుళ్లోనో పెళ్లిలోనో. మొదట ఒక కీర్తన వాయించమనండి. సినిమా పాట ఎవరైనా వాయిస్తారు, శ్రుతి నిలబెట్టి నాలుగు నిమిషాలు రాగం ఆలపించగలిగిన వాడు దొరికితే వదలకండి. దోమాడ చిట్టబ్బాయి గారిలాంటి నాదస్వర విద్వాంసులను చూసిన గోదావరి జిల్లాలివి. ఇప్పటికీ బాగా వాయించేవారు ఉన్నారు, అడిగేవారే తగ్గారు. బేరం కుదుర్చుకునేటప్పుడు ఎంతమంది వస్తారు, ఎన్ని గంటలకు వస్తారు, ఎదురుకోలుకు వాయిస్తారా, అప్పగింతల దాకా ఉంటారా, ఛార్జీలు ఎవరివి, ఇవన్నీ మాట్లాడుకోండి. "అన్నీ చూసుకుంటామండీ" అనే మాటతో సరిపెట్టుకోవద్దు.

ఏ సందర్భానికి ఏం వాయించాలి అన్నది నాన్నగారితో కలిసి కూర్చుని తేల్చుకోండి, ఆయనకు అదో సంతోషం. ఆరంభంలో నాట, హంసధ్వని. దీక్షితుల వాతాపి గణపతిం దాదాపు ప్రతి మేళానికీ వచ్చు. గౌరీపూజ వేళ, చుట్టాలు వచ్చి కూర్చునే వేళ మోహన, కల్యాణి, శంకరాభరణం ఎంతసేపైనా వినొచ్చు. పెళ్లికూతురు గంపలో వచ్చేటప్పుడు ఆనందభైరవి పెట్టించి చూడండి, ఆ రాగం వినగానే ఆడవాళ్లందరూ తల తిప్పి చూస్తారు. మాంగల్యధారణ అయ్యాక త్యాగరాజస్వామి వారి సీతాకల్యాణ వైభోగమే, కురంజి రాగంలో. తలంబ్రాలకు అన్నమయ్య పిడికిట తలంబ్రాల పెండ్లికూతురు ఉండనే ఉంది. అది ఒక్కసారి వాయించి ఆ తర్వాత హుషారైన సినిమా పాటల్లోకి వెళ్లిపోనివ్వండి, తలంబ్రాలు పిల్లల ఆట కదా. మీ పెళ్లి ముగిసేసరికి తెల్లవారుతుంది కాబట్టి చివర్లో భూపాలం, బౌళి వాయిస్తే వేళకు సరిగ్గా అతుకుతుంది. ముగింపు మధ్యమావతి. శోకం పలికించే ముఖారి, శుభపంతువరాళి లాంటివి పెళ్లిలో వాయించకపోవడం ఆనవాయితీ. నీలాంబరి మంగళకరమైనదే కానీ లాలి పాటల రాగం, రాత్రి రెండింటికి అది మొదలెడితే చుట్టాలు కుర్చీల్లోనే నిద్రపోతారు.

సన్నాయి మీద సినిమా పాటలు వద్దనే పట్టుదల నాకు లేదు. 1961లో వచ్చిన సీతారామ కల్యాణం సినిమాలో శ్రీ సీతారాముల కల్యాణము చూతము రారండి అన్న పాట ఎన్ని పందిళ్లలో మోగిందో! అదిప్పుడు సినిమా పాట అని ఎవరూ అనుకోరు. కానీ ఒక జాగ్రత్త ఉంది. సన్నాయిలో మాటలు వినబడకపోయినా వినేవాడి మనసులో మాటలు మెదులుతాయి. ప్రేమ విఫలమైన పాటకు మంచి ట్యూను ఉంటే మేళం వాళ్లు మైమరిచి వాయించేస్తారు, కింద కూర్చున్న వియ్యపురాలు మొహం మాడ్చుకుంటుంది. సినిమా పాటల జాబితా ముందే రాసిచ్చి, పల్లవి మాత్రమే కాకుండా చరణాలు కూడా ఇంట్లో ఒకరు చదవండి.

ఇప్పుడు అసలు ఘట్టం. మన పెళ్లిలో సుముహూర్తం అంటే జీలకర్ర బెల్లం పెట్టే క్షణం. పంచాంగం చూసి పెట్టిన ఆ నిమిషానికి పురోహితుడు "భజంత్రీలు, భజంత్రీలు" అని కేకేస్తారు, గట్టిమేళం మోగాలి. ఆ క్షణాన తుమ్ము, ఏడుపు, ఏదో ఒక పాడు మాట చెవిన పడకూడదని పెద్దలు పెట్టుకున్న ఏర్పాటు అది. కాబట్టి అక్కడ రాగం, స్వరం ఏమీ చూడరు, జోరు చూస్తారు. మళ్లీ మూడు ముళ్లు వేసేటప్పుడు రెండోసారి. ఈ రెండు చోట్లా మేళం ఒక్క సెకను కూడా ఆలస్యం కాకూడదు. అందుకే వాళ్లని పురోహితుడి మొహం నేరుగా కనబడే చోట కూర్చోబెట్టాలి. డెకరేషన్ వాళ్లు పూల స్తంభం కోసమని మేళాన్ని మండపం వెనక్కి తోసేస్తారు, ఒప్పుకోకండి.

గట్టిమేళాన్ని పాడుచేసేది ఇప్పుడు ఎక్కువగా కెమెరా వాళ్లే. "సార్, తాళి కొంచెం పైకెత్తండి, ఇటు చూడండి, ఇంకోసారి" అంటూ రెండు నిమిషాలు లాగుతారు. అంతసేపూ సన్నాయి వాడు పై స్థాయిలో ఊదుతూనే ఉండాలి. ఊపిరి అయిపోయి తగ్గిస్తే ముడి వేసేటప్పుడు చప్పగా ఉంటుంది. ఫోటోల కోసం ఆగడాలు, మళ్లీ చేయడాలు మేళం మొదలయ్యాక ఉండవని వాళ్లకి ముందే చెప్పండి.

మైకుల గురించి రెండు మాటలు. పందిట్లో సన్నాయికి మైకు అక్కర్లేదు, దాని గొంతు సహజంగానే తోట దాటి వినబడుతుంది. డోలుకు అసలే వద్దు. మైకు కావాల్సింది పురోహితుడికి, చొక్కా లేని ఆయన కండువాకి తగిలించే చిన్న మైకు. ఆ మైకు తెరిచి ఉండగా పక్కనే సన్నాయి మోగితే అదే స్పీకర్లోంచి పెద్దగా వచ్చి మంత్రాన్ని మింగేస్తుంది. అందుకని మేళం మోగినప్పుడు పురోహితుడి మైకు తగ్గించడం, మంత్రం మొదలవగానే పెంచడం సౌండు కుర్రాడు చేస్తూ ఉండాలి. చేయి బోర్డు మీద, కన్ను బాబాయి గారి మీద. స్పీకర్లు మైకు కన్నా ముందు, జనం వైపు తిరిగి ఉండాలి, వెనక ఉంటే కీచుమని కూత పెడతాయి. ఇంకోటి, మాఘం రాత్రి తోటలో మంచు కురుస్తుంది. డోలు తోలుకు చెమ్మ తగిలితే సాగి నాదం పడిపోతుంది. మేళాన్ని పందిరి అంచున కాకుండా కప్పు కింద కూర్చోబెట్టండి, ఆంప్లిఫయరు మీద టార్పాలిన్ కప్పించండి. జనరేటరు పందిరికి దూరంగా, గాలి వాలుకు అవతల. సీరియల్ లైట్లకీ సౌండుకీ ఒకే లైను ఇస్తే స్పీకర్లలో రాత్రంతా ఝుం అని రొద వస్తూనే ఉంటుంది, వేర్వేరు లైన్లు అడగండి.

చట్టం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ డీజే గొడవ సగం అక్కడే తీరిపోతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పగలైనా రాతపూర్వక అనుమతి ఉండాలి. నివాస ప్రాంతాల్లో శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. 45 అంటే మెల్లగా మాట్లాడుకునే చప్పుడు కన్నా తక్కువే. మండల కేంద్రంలో పోలీసు స్టేషనుకు ముందే వెళ్లి, ముహూర్తం రాత్రి రెండింటికని శుభలేఖ చూపించి, ఏది ఎప్పటిదాకా మోగుతుందో చెప్పి అనుమతి అడగండి. ఏ షరతులు పెడితే ఆ ప్రకారం నడుచుకోండి. పురోహితుడి మైకు పందిరి లోపలికి వినబడేంత ఉంటే చాలు, ఊరంతా వినబడాల్సిన పని లేదు. పక్కింటి ముసలాయన నిద్రపోవాలి, ఎదురింటి పిల్లకు పరీక్షలు ఉండొచ్చు. రేపు వాళ్లతోనే కదా మీ నాన్నగారు బతకాల్సింది.

కాబట్టి డీజేకి చోటు ఎక్కడంటే, మగపెళ్లివారు విడిదిలో దిగాక ఎదురుకోలు ఊరేగింపులో. రాత్రి ఏడున్నరకు మొదలెట్టి తొమ్మిదీ నలభై ఐదుకి బంద్. మీ బావలు గంతులేయడానికి రెండు గంటలు చాలవా? అయితే పెద్ద పెద్ద స్పీకర్లు పేర్చిన లారీ మీ ఊళ్లోకి తేవద్దని నా సలహా. కాలువ గట్టు మీద దారులు సన్నం, కరెంటు తీగలు కిందికి ఉంటాయి, కొబ్బరి మట్టలు తగులుతాయి. చిన్న బండి మీద రెండు స్పీకర్లు సరిపోతాయి. నన్నడిగితే డీజే కన్నా పాతకాలపు బ్యాండు మేళం మేలు. క్లారినెట్టు, ట్రంపెట్టు, సైడు డ్రమ్ములు ఉన్న జట్టు ఊరేగింపుకి ఇచ్చే ఊపు వేరు. మనిషి వాయిస్తున్నాడు కాబట్టి పెద్దలు ఇంటి ముందుకి వస్తే తగ్గించి వాయిస్తాడు, గుడి ముందుకి రాగానే పాట మారుస్తాడు. ఇప్పుడు అందరూ పిలుస్తున్న కేరళ చెండ మేళం చూడముచ్చటగానే ఉంటుంది, కానీ అది ఐదు పది నిమిషాల ఆట. గంటసేపు పెడితే పక్కవాడి మాట వినబడక జనం పారిపోతారు.

అమ్మమ్మగారి అలక తీర్చడం అన్నిటికన్నా తేలిక, ఖర్చు లేనిది, పెళ్లిళ్లలో అందరూ మర్చిపోయేదీ అదే. నలుగు పెట్టేటప్పుడు, పెళ్లికూతురిని చేసేటప్పుడు, మంగళహారతికి, బిందెలో ఉంగరం తీయించేటప్పుడు, అప్పగింతలకు, వియ్యాలవారిని ఆటపట్టించడానికి, ప్రతిదానికీ ఆడవాళ్ల పాటలు ఉన్నాయి. ఇవి మేళం వెనక పాడేవి కావు. ఆ గంట అన్నీ ఆపేయాలి, స్పీకరు, మేళం, పందిరి వేసేవాళ్ల సెల్‌ఫోను పాటలు కూడా. మైకు కూడా ఇవ్వకండి. మైకు చూడగానే పెద్దావిడ గొంతు సగం అయిపోతుంది, పక్కన శ్రుతి కలిపే అత్తలు వెనక్కి తగ్గుతారు. పెళ్లికి నెల ముందే మీ చెల్లెలు వెళ్లి అమ్మమ్మ దగ్గర కూర్చుని ఫోనులో రికార్డు చేసుకుని, పాటలు ఒక నోటు పుస్తకంలో రాసి, జిరాక్సులు తీసి పిన్నులకీ అత్తలకీ పంచమనండి. ఒక్కరు పాడితే కచేరీ, పదిమంది పట్టుకుంటేనే నలుగు పాట. వియ్యపురాలి మీద పాడే పాటలను మాత్రం ముందు ఒకసారి వినండి. కొన్నింట్లో వెటకారం ఈ కాలానికి కాస్త ఘాటు, అవతలివాళ్లు ఎలాంటివాళ్లో చూసుకుని పాడాలి.

అప్పగింతల దగ్గర ఒక మాట. వీడియో వాళ్లు ఏడుపు తెప్పించే సినిమా పాట స్పీకర్లో పెట్టమంటారు. పెట్టొద్దు. తల్లి, కూతురు ఎలాగూ ఏడుస్తారు, దానికి వెనక నుంచి సంగీతం అక్కర్లేదు. వాళ్లకి కావాలంటే ఎడిటింగ్‌లో కలుపుకుంటారు.

రిసెప్షన్ వేరే లోకం. ముందుగా గుర్తుపెట్టుకోవాల్సింది, అది మగపెళ్లివారిది. ఖర్చు వాళ్లది, మాట వాళ్లది. "మా చెల్లికి వయొలిన్ ఇష్టమండీ" అని మీరు ఫోను చేస్తే ఆడపెళ్లివారు ఆర్డరు వేస్తున్నారనే అనుకుంటారు. అదే పెళ్లికొడుకు చేత వాళ్ల నాన్నగారికి చెప్పిస్తే ఏ గొడవా ఉండదు. ఈ ఒక్క పని చెల్లెలికి అప్పగించి మీరు పక్కకు తప్పుకోండి.

వయొలిన్‌కి సరైన చోటు రిసెప్షన్ మొదటి గంట, గంటన్నర. జనం వస్తుంటారు, స్టేజీ ఎక్కి ఫోటో దిగుతారు, పాత స్నేహితులు కలుస్తారు, అప్పుడు పాడేవాళ్లు అనవసరం. వయొలిన్, వేణువు, వెనక మృదంగమో తబలానో ఉంటే చాలు. మాటలు లేని సంగీతం పెద్దల సంభాషణకు అడ్డం రాదు. వయొలిన్ అంటే పరాయి వాయిద్యమని మీ నాన్నగారు గొణిగితే, మీ రాజోలు వైపు శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు పాటతో పాటు వయొలిన్, వయోలా కూడా వాయించేవారని గుర్తుచేయండి. త్యాగరాజ కీర్తనలు, పాత సినిమా పాటలు కలిపి వాయించేవారిని చూసుకోండి. వయొలిన్ అనగానే ఈవెంటు వాళ్లు ఇంగ్లీషు సినిమాల్లో పెళ్లికూతురు నడిచొచ్చేటప్పుడు వినబడే ట్యూను ఒకటి వాయిస్తామంటారు. అది 1850లో మొదట ప్రదర్శించిన వాగ్నర్ ఒపేరా లోహెన్‌గ్రిన్ లోది. ఆ కథలో ఆ పాట తర్వాత ఆ జంట కాపురం ఆ రాత్రే చెడుతుంది. మన సంప్రదాయం ప్రకారం అయితే దాన్ని ముఖారి పక్కన కూర్చోబెట్టాలి! చర్చి పెళ్లిళ్లలో ఆనవాయితీగా వాయించేవారు ఉన్నారు, అది వారి ఆచారం, అక్కడ పాస్టరుగారినీ కోయరునీ అడిగి పెట్టుకుంటారు. మీకు ఆ అవసరం లేదు.

భోజనాల హాలు గురించి మన జిల్లాలో ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే అతిథి అక్కడే ఎక్కువసేపు ఉంటాడు. వడ్డించేవాడు "పూతరేకు వేయమంటారా" అంటే తినేవాడికి వినబడాలి. ఎదురుబొదురు కూర్చున్న ఇద్దరు గొంతు పెంచకుండా మాట్లాడుకోగలిగితే సౌండు సరిగ్గా ఉన్నట్టు. స్టేజీ స్పీకర్లు భోజనాల వైపు తిరిగి ఉంటే తిప్పించండి. అక్కడ వేరే చిన్న స్పీకర్లు పెట్టి పాత పాటలు సన్నగా వేస్తే సరి.

లైవ్ ఆర్కెస్ట్రా పెట్టాలా, డీజే ఒక్కడే చాలా అని చాలామంది అడుగుతుంటారు. ఆర్కెస్ట్రా పేరుతో ఇప్పుడు చాలావరకు వచ్చేది ట్రాకు మీద పాడేవాళ్లే, ఇద్దరు పాడేవాళ్లు, ఒక ల్యాప్‌టాప్. అందులో తప్పేమీ లేదు, ధర దానికి తగ్గట్టు ఉంటే. పూర్తి జట్టుకు డబ్బు ఇస్తూ ట్రాకు వినకండి. ఎన్ని వాయిద్యాలు మనుషులు వాయిస్తారో ముందే అడగండి. నా మాటగా అయితే, తొమ్మిది దాకా ఒక మంచి గాయకుడు, ఒక గాయని, పాత కొత్త కలిపి పాడితే చాలు. ఆ తర్వాత పెద్దలు భోంచేసి బయల్దేరతారు, అప్పుడు డీజే. తలుపులు మూసిన ఏసీ హాలు కాబట్టి అక్కడ మీ బావల కోరిక నిండుగా తీరుతుంది. హాలు వాళ్లు ఎన్నింటికి ఆపమంటారో ముందు కనుక్కోండి, సౌండు ఒక హద్దు దాటకుండా ఆపే లిమిటర్ ఉందేమో కూడా.

డాన్సులు వేసే పిల్లల పాటలన్నీ ఒకే ఫైలుగా కట్ చేయించి, పెన్‌డ్రైవులో వేసి, ఒకటి డీజే దగ్గర, ఒకటి మీ జేబులో ఉంచుకోండి. యూట్యూబ్ నుంచి నేరుగా ప్లే చేయనివ్వకండి. హాల్లో అంతమంది ఫోన్లు ఉంటే నెట్‌వర్క్ నత్త నడక నడుస్తుంది, పెళ్లికూతురు స్టేజీ ఎక్కుతుంటే మధ్యలో చీమల మందు ప్రకటన వస్తుంది. పిల్లలు ఏ పాటకు డాన్సు వేస్తున్నారో ముందే వినడం పెద్దల పని. తాతగారి ముందు మనవరాలు వేసే పాటకు సాహిత్యం చూసుకోవాలా అక్కర్లేదా అన్నది ఎవరింటి పద్ధతి వారిది, నేనైతే చూసుకుంటాను.

హాలు మేనేజరో ఎవరో వచ్చి సినిమా పాటలు వేయాలంటే సంగీత కంపెనీల లైసెన్సు కట్టాలని అంటే కంగారు పడకండి. 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షన్లో మతపరమైన వేడుకలకు మినహాయింపు ఉంది. పెళ్లి ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన ఇతర వేడుకలు కూడా అందులోకే వస్తాయని ఆ చట్టంలోనే రాసి ఉంది. 2023 జులైలో కేంద్ర ప్రభుత్వం కూడా ఈ మాటనే గుర్తుచేస్తూ నోటీసు ఇచ్చింది. అయితే అది వేడుక వరకే. పెళ్లి వీడియోని సినిమా పాటతో ఇన్‌స్టాగ్రామ్‌లోనో యూట్యూబ్‌లోనో పెడితే అది వేరే లెక్క, పాట మ్యూట్ అయిపోతుంది. ఎడిటర్‌ని మీ పెళ్లిలో వాయించిన సన్నాయి, వయొలిన్ శబ్దమే తీసుకుని వాడమనండి. దానికోసం సౌండు బోర్డు నుంచి ఒక రికార్డింగు తీయించి ఉంచుకోండి, కెమెరా మైకులో వచ్చేది జనం గోల.

డబ్బుల విషయం. మేళం వాళ్లకి మిగిలిన సొమ్ము ఎవరు ఇస్తారో ముందే చెప్పి, కవరులో పెట్టి బాబాయి గారి చేతికి ఇచ్చేయండి. తెల్లవారి అప్పగింతలయ్యాక అందరూ కార్లు ఎక్కుతుంటే, వాళ్లు ఎవరిని అడగాలో తెలియక పందిరి దగ్గర నిలబడాల్సి రాకూడదు. భోజనం కూడా అంతే. సన్నాయి వాయించేవాడు కడుపు నిండా తిని ఊదలేడు, ఆకలితోనూ ఊదలేడు. ఎదురుకోలు అవగానే మేళం వాళ్లకి ఒక పంక్తి వేయించండి. ముహూర్తానికి ముందు టీ, మధ్యలో మంచినీళ్లు వాళ్ల పక్కనే. సౌండు కుర్రాళ్లు, జనరేటరు చూసే అబ్బాయి కూడా లెక్కలో ఉన్నారో లేదో వంటవాళ్లకి చెప్పేటప్పుడు చూసుకోండి.

పందిరి ఎంత పొడవు, వెడల్పు, కరెంటు ఒక ఫేజా మూడు ఫేజులా, భీమవరం హాల్లో స్టేజీకి భోజనాలకి మధ్య గోడ ఉందా లేదా, ఇవి రాస్తే స్పీకర్లు ఎన్ని, ఎక్కడ పెట్టాలో చెబుతాను.